రాతే పనిగా పెట్టుకున్నవాళ్ల రోజు: తరచుగా అడిగే ప్రశ్నలు

రాయడమే పనిగా పెట్టుకున్నవాళ్లని జనం అడిగే ప్రశ్నలు పెద్దగా మారవు. ఎప్పుడు రాస్తారు, మూడ్ రాకపోతే ఏం చేస్తారు, దీంతో ఇల్లు గడుస్తుందా. ఒక్కొక్కరికీ చెప్పీ చెప్పీ, అన్నీ ఒకచోట రాసి పెడితే సరిపోతుంది కదా అనిపించింది. కథ ఎలా అల్లాలి, పాత్రని ఎలా మలచాలి లాంటివి ఇక్కడ దొరకవు. కుర్చీలో కూర్చోకముందు, కూర్చున్నాక, లేచాక ఏం జరుగుతుందన్నదే ఇక్కడి సంగతి.

రోజూ రాస్తారా?

దాదాపు రోజూ. కానీ ఇందులో ఒక మెలిక ఉంది. పూర్తికాలం రచయిత అనగానే, పొద్దున కూర్చుని చీకటి పడేదాకా రాస్తూనే ఉంటారని చాలామంది ఊహ. నాకు తెలిసినవాళ్లలో అలాంటివాళ్లు లేరు. కొత్త పేజీ పుట్టించే పని రెండు మూడు గంటలకి మించి సాగదు. ఆ తర్వాత కూడా చెయ్యి ఆడుతుంది గానీ, మర్నాడు చదివితే ఆ భాగమంతా కొట్టేయాల్సిందేనని తెలిసిపోతుంది.

మిగతా రోజు ఎటు పోతుందంటే, నిన్న రాసింది దిద్దుకోవడం, ప్రూఫులు (అచ్చుకి ముందు తప్పులు చూసే పేజీలు) చూడడం, సంపాదకుడి అనుమానాలకి జవాబులివ్వడం, కథలో ఒక పాత్ర చేసే పని గురించి తెలిసినవాళ్లకి ఫోన్ చేసి విసిగించడం, రావాల్సిన పారితోషికం ఇంకా రాలేదని మర్యాదగా గుర్తుచేయడం. ఈ చివరి పనికి తక్కువ నేర్పు చాలదు. "మీ వీలు చూసుకుని" అని మూడోసారి రాసేటప్పుడు అందులో మర్యాద ఎంత ఉండాలో, చిరాకు ఎంత కనపడాలో తూచి రాయాలి.

కాబట్టి రోజూ రాస్తాననే కంటే, ఆ రెండు గంటల్ని రోజూ మిగతా పనుల నోట్లో పడకుండా కాపాడుకుంటాననడం నిజానికి దగ్గరగా ఉంటుంది. కింద చెప్పేవాటిలో చాలాభాగం ఆ కాపలా గురించే.

ఏ వేళలో రాస్తే మంచిది? తెల్లవారుజామునే లేవాలా?

లేవక్కర్లేదు. తెల్లవారుజాముకి ఏదో మహత్తు ఉందని నమ్మేవాళ్లు, అర్ధరాత్రికి ఉందని నమ్మేవాళ్లు ఇద్దరూ తమ ఒంటి తీరునే సిద్ధాంతంగా చెబుతుంటారు.

19వ శతాబ్దపు ఇంగ్లిష్ నవలాకారుడు ఆంథొనీ ట్రోలోప్ తపాలా శాఖ ఉద్యోగి. పొద్దున అయిదున్నరకల్లా బల్ల ముందుండేవారు. ఎదురుగా గడియారం పెట్టుకుని పావుగంటకి 250 పదాల లెక్కన రాసుకుంటూ పోయేవారు. ఆఫీసుకి తయారయ్యే వేళకి ఆ రోజు రాత అయిపోయేది. అలా 47 నవలలు రాశారు. జర్మన్‌లో కథలు, నవలలు రాసిన కాఫ్కాది సరిగ్గా తిరగేసిన దినచర్య. బీమా సంస్థలో పనిచేసి మధ్యాహ్నానికి ఇంటికొచ్చి, కాసేపు పడుకుని, ఇంట్లో సందడి తగ్గాక రాత్రి మొదలుపెట్టేవారు. 1912 సెప్టెంబరు 22 రాత్రి పదింటికి కూర్చుని మర్నాడు పొద్దున ఆరింటికల్లా ఒక కథ మొత్తం ముగించారు. అమెరికన్ నవలాకారిణి టోనీ మారిసన్ ప్రచురణ సంస్థలో సంపాదకురాలిగా ఉద్యోగం చేస్తూ, ఇద్దరు కొడుకుల్ని ఒంటరిగా పెంచుతూ, పిల్లలు నిద్రలేవకముందే రాసుకునేవారు.

ముగ్గురి బతుకులూ వేరు. ముగ్గురూ చేసింది మాత్రం ఒకటే, తమతో ఎవరికీ పనిలేని గంట ఏదో కనిపెట్టి దాన్ని పట్టుకున్నారు. మీరూ అది చూసుకోండి. నాకు పొద్దున పూటే నడుస్తుంది. పెద్ద కారణమేమీ లేదు, ఆ వేళలో ఫోన్ మోగదు.

రోజుకి ఎన్ని పదాలు రాయాలి?

ఇంగ్లిష్ నవలాకారుడు గ్రాహమ్ గ్రీన్ రోజుకి 500 పదాలు పెట్టుకున్నారు. ఫ్రెంచ్ నవలాకారుడు ఫ్లోబేర్ ఒకే నవలతో దాదాపు అయిదేళ్లు కుస్తీ పట్టారు. ఈ అంకెలు వినడానికి బాగుంటాయి గానీ, మీ అంకె మీ అధ్వాన్నమైన రోజుని చూసి పెట్టుకోండి. బాగా నిద్రపోయి, ఇంట్లో ఎవరూ లేక, కథ ఊపు మీదున్న రోజుని చూసి రోజుకి 2,000 అనుకుంటే, జలుబు చేసిన నాడు అది కొండలా కనపడుతుంది. ఆ ఒక్క రోజు తప్పితే మర్నాడు 4,000 బాకీ. మూడో రోజుకి ఫైల్ తెరవడమే మానేస్తాం.

300 పదాలు పెట్టుకుంటే ఏడాదిలో 65 రోజులు ఎగ్గొట్టినా 90,000 పదాలు పోగవుతాయి. అది మంచి లావుపాటి నవల. అందులో సగం కొట్టేసినా చేతిలో ఒక పుస్తకం మిగులుతుంది.

దిద్దే రోజుల్లో పదాల లెక్క పనికిరాదు. ఆ రోజుల్లో గంటల లెక్కే నయం, లేకపోతే పేజీ తగ్గించిన రోజున ఏమీ చేయలేదన్న దిగులు పట్టుకుంటుంది.

మూడ్ లేకపోతే ఏం చేస్తారు?

అందరూ అడిగేది ఇదే, కాస్త వివరంగా చెప్పాల్సిందీ ఇదే.

రాయాలనిపించడం వేరు, రాయడం వేరు. మొదటిది వస్తేనే రెండోది జరగాలని అనుకోవడం దగ్గరే చాలామంది చిక్కుకుంటారు. రాయాలని బాగా అనిపించేది ఎప్పుడో తెలుసా? రాయడానికి వీల్లేనప్పుడు. బస్సులో నిలబడి ఉన్నప్పుడు, పెళ్లిలో ఎవరితోనో మాట్లాడుతున్నప్పుడు, రేపు పొద్దున్నే వేరే పని ఉందని తెలిసినప్పుడు బుర్రలో వాక్యాలు వాటంతటవే వరసకట్టి వస్తాయి. ఖాళీగా కూర్చుని ఫైల్ తెరవగానే అదంతా మాయం. అప్పుడు మిగిలేది మొహమాటం. ఏదో ఒకటి రాస్తే బాగోదేమోనన్న సంకోచం.

మూడ్ లేదని మనం చెప్పే సందర్భాల్లో చాలావాటిలో అసలు సంగతి ఆ సంకోచమే. అది పది పదిహేను నిమిషాలు గట్టిగా ఉంటుంది, తర్వాత పలచబడుతుంది. ఆ పదిహేను నిమిషాలు దాటడానికే నా అలవాట్లన్నీ. నిన్నటి చివరి పేజీని మళ్లీ టైప్ చేస్తాను. కొత్తది కాదు, రాసేసినదే. టైప్ చేస్తున్నప్పుడు ఎక్కడో ఒక మాట నచ్చదు, మారుస్తాను. దాంతో పక్క వాక్యం కదులుతుంది, దాన్నీ సవరిస్తాను. పేజీ చివరికొచ్చేసరికి చెయ్యి ఆగదు, కిందకి పోతుంది. మూడ్ వచ్చిందా అంటే, వచ్చే ఉంటుంది, నేను చూసుకోలేదు.

అమెరికన్ నవలాకారుడు హెమింగ్వే చెప్పిన కిటుకొకటి ఇక్కడ బాగా పనికొస్తుంది: తర్వాత ఏం జరుగుతుందో తెలిసి ఉండగానే ఆ రోజుకి ఆపేయడం. చేతిలో ఉన్నదంతా రాసేసి, ఖాళీ అయ్యాక లేచామనుకోండి, మర్నాడు మళ్లీ మొదటి నుంచి వెతుక్కోవాలి. సగంలో, వాక్యం మధ్యలో ఆపినా ఫర్వాలేదు. కడుపులో కొంచెం వెలితి ఉండగానే లేవాలి.

ఇక డబ్బు, పేరు, బహుమతులు కూర్చోబెడతాయా? కొంతవరకు. కానీ వాటితో ఒక చిక్కు ఉంది. 1973లో లెపర్, గ్రీన్, నిస్బెట్ అనే ముగ్గురు మనస్తత్వ శాస్త్రవేత్తలు, బొమ్మలేయడమంటే ఇష్టమున్న నర్సరీ పిల్లల మీద ఒక ప్రయోగం చేశారు. కొందరికి బొమ్మ వేస్తే బహుమతి ఇస్తామని ముందే చెప్పారు. కొందరికి చెప్పకుండా చివర్లో ఇచ్చారు. మిగిలినవాళ్లకి ఏమీ ఇవ్వలేదు. కొన్నాళ్ల తర్వాత చూస్తే, ముందే మాట ఇచ్చిన పిల్లలు ఖాళీ సమయంలో బొమ్మల జోలికి వెళ్లడం తగ్గించేశారు. తక్కినవాళ్లు ఎప్పట్లాగే వేసుకుంటున్నారు. రచయితలు నర్సరీ పిల్లలు కారు, వాళ్లకి బిల్లులున్నాయి. అయినా ఎవరో అడిగి డబ్బిస్తేనే రాస్తూ కొన్నేళ్లు గడిపినవాళ్లని చూడండి, ఎవరూ అడక్కుండా ఒక పేజీ రాసి ఎంతకాలమైందో గుర్తుండదు. అందుకని నేను ఎవరికీ చూపించని, ఎవరూ డబ్బివ్వని ఒక ఫైల్ పక్కన నడుపుతుంటాను. అందులో వారానికి ఒక పేరా కదిలినా చాలు.

21 రోజులు చేస్తే ఏదైనా అలవాటైపోతుందంటారు కదా?

అలా తేలికగా కుదరదు. లండన్‌లో ఫిలిప్పా లాలీ, ఆమె సహచరులు 96 మంది మీద చేసిన అధ్యయనం 2010లో అచ్చయింది. కొత్త అలవాటు ఆలోచించకుండా జరిగిపోయే దశకి రావడానికి సగటున 66 రోజులు పట్టింది. తేడా మాత్రం చాలా ఉంది, 18 రోజుల నుంచి 254 రోజుల దాకా. మంచినీళ్లు తాగడం లాంటివి తొందరగా కుదురుకున్నాయి, కష్టమైనవి ఆలస్యంగా.

అందులో నాకు నచ్చిన విషయం వేరే ఉంది. మధ్యలో ఒకరోజు తప్పినంత మాత్రాన అలవాటు చెడిపోలేదు. "నిన్న రాయలేదు, ఇక అంతా పోయింది" అనేది ఉత్త టెన్షన్. రెండో రోజు కూడా తప్పకుండా చూసుకుంటే చాలు.

అసలు ఏమీ రాయలేకపోతే? నెలల తరబడి ఆగిపోతే?

ముందు అది ఏ రకం ఆగడమో చూడాలి. అన్నిటికీ కలిపి ఒకే పేరు పెట్టడం వల్ల మందు దొరకదు.

కథలో తప్పు దారి పట్టి ఆగిపోవడం ఒకటి. 80వ పేజీలో కదలడం లేదంటే తప్పు సాధారణంగా 80లో ఉండదు. 60లో ఎక్కడో ఒక పాత్ర చేత, అది చేయని పని ఏదో మన సౌకర్యం కోసం చేయించి ఉంటాం. వెనక్కి వెళ్లి అది వెతకాలి. తెలియాల్సింది తెలియక ఆగిపోవడం ఇంకొకటి. ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ ఎలా ఉంటుందో తెలియకుండా ఆ సన్నివేశం రాయబోతే కలం ఆగుతుంది, ఆగాలి కూడా. అప్పుడు చేయాల్సింది వెళ్లి అడగడం. అలసట మూడోది. పెద్ద పుస్తకం పూర్తయ్యాక నెలా రెండు నెలలు ఏమీ తోచకపోవడం జబ్బు కాదు.

నాలుగోది తేడా రకం. రాత ఒక్కటే కాదు, నిద్ర, ఆకలి, మనుషులతో మాటలు, అన్నీ ఒకేసారి తగ్గిపోతే అది రచయిత సమస్య కాదు. డాక్టర్ని కలవాలి. కళాకారులు బాధపడాల్సిందేనన్న మాట ఎవరన్నా చెబితే వినకండి.

ఫోన్ సంగతి ఏం చేస్తారు?

వేరే గదిలో పెడతాను. సైలెంట్‌లో పెట్టి బల్ల మీద బోర్లించడం నాకు పనిచేయదు, చెయ్యి దానంతటదే వెళ్తుంది. మధ్యలో ఏదైనా వెతకాల్సి వస్తే ఆ చోట ఒక చుక్కల గీత పెట్టి ముందుకు పోతాను. నౌకకి ఎన్ని లంగర్లుంటాయో చూద్దామని ఇంటర్నెట్ తెరిచి, గంట తర్వాత ఎవరిదో పెళ్లి ఫొటోల దగ్గర తేలడం మీకూ అనుభవమే అనుకుంటాను.

చేత్తో రాస్తారా, కంప్యూటర్‌లోనా?

మొదటి ఆలోచనలు కాగితం మీద, మిగతాదంతా కంప్యూటర్‌లో. దీని మీద వాదించుకునేవాళ్లకి బోలెడు ఖాళీ ఉందని అర్థం.

రాసింది ఎన్నిసార్లు తిరగరాస్తారు? అసలు తిరగరాయడమంటే ఏం చేస్తారు?

లెక్క ఉండదు. ఇది మాటల్లో చెబితే అర్థం కాదు, ఒక ముక్క చూపిస్తాను. మొదటి చిత్తులో ఇలా ఉంది:

"ఆమెకి చాలా కోపం వచ్చింది. తనకి చెప్పకుండా అన్న ఇల్లు అమ్మేశాడన్న బాధ ఆమెని లోలోపల దహించివేస్తోంది. ఏం మాట్లాడాలో తెలియక మౌనంగా ఉండిపోయింది."

తప్పేమీ లేదు. వ్యాకరణం సరిగ్గానే ఉంది, విషయం తెలుస్తోంది. కానీ "లోలోపల దహించివేస్తోంది" అన్నది ఎప్పటి నుంచో చేతులు మారుతున్న మాట. దాన్ని చదివేటప్పుడు ఎవరికీ ఏమీ కనపడదు. ముందు అది పోయింది. అది పోగానే "చాలా కోపం" కూడా నిలబడలేదు, ఎందుకంటే ఎంత కోపమో చెప్పేవాళ్లు లేకుండాపోయారు. మూడోది మౌనం. మనుషులు కోపంలో మౌనంగా ఉన్నప్పుడు చేతులు ఊరికే ఉండవు. ఈమె చేతులేం చేస్తున్నాయి? పుట్టిల్లు అన్నాక ఆమె దగ్గర కూడా ఒక తాళంచెవి ఉండాలి కదా. రెండో చిత్తు:

"అన్న కాగితాలు తీసి బల్ల మీద పెట్టాడు. ఆమె అటు చూడలేదు. తన తాళాలగుత్తి తీసి, ఆ ఇంటి తాళంచెవిని రింగులోంచి బయటికి లాగడం మొదలుపెట్టింది. అది ఎంతకీ రాలేదు."

ఇది నయం. కానీ చివరి వాక్యం దగ్గర నాకు గుచ్చుకుంది. తాళంచెవి రాకపోవడమంటే ఇంటితో బంధం తెగకపోవడమని పాఠకుడి భుజం తట్టి చెప్పినట్టుంది. దాన్ని తీసేసి "గోరు విరిగింది" అని పెట్టాను. ఇప్పుడు అక్కడ తాళంచెవి, గోరు మాత్రమే ఉన్నాయి. మిగతాది చదివేవాళ్లు చూసుకుంటారు.

ఈ మూడు వాక్యాలకే చాలా పొద్దు పోయింది. అన్నీ ఇలా చేస్తే పుస్తకం ఎప్పటికీ తేలదు. కాబట్టి తిరగరాయడంలో అసలు తెలివి ఎక్కడ ఇంత ఆగాలి, ఎక్కడ "అతను తలుపు తీశాడు" అని చెప్పి పోవాలి అని తేల్చుకోవడంలో ఉంది. ఇంకో చిన్న పని: చివరి చిత్తు బయటికి చదువుతాను. కంటికి కనపడని తప్పు చెవికి తగులుతుంది. ఊపిరి అందని చోట వాక్యం పొడుగైనట్టే.

ఐడియాలు ఎక్కడి నుంచి వస్తాయి?

ఐడియాల కరువు ఎవరికీ లేదు. వచ్చినవాటిని రాసి పెట్టుకోకపోవడమే కరువు. జేబులో పట్టే నోట్‌బుక్ ఒకటి ఉంచుకోండి, లేదా ఫోన్‌లోనే రాసుకోండి. కానీ "ఒంటరితనం గురించి కథ" అని రాసుకుంటే ఆరు నెలల తర్వాత అది చచ్చిన మాట. చూసింది చూసినట్టు రాసుకోవాలి. నా పుస్తకంలోంచి రెండు:

"లిఫ్టులో మొగుడూ పెళ్లాం పోట్లాడుకుంటున్నారు. మూడో మనిషి ఎక్కగానే ఇద్దరూ ఎండ గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. అతను దిగిపోయాక కూడా ఎండ గురించే."

"డాక్టరు గది బయట. పేరు రెండుసార్లు పిలిచినా లేవని పెద్దాయన. వినపడుతోంది, నాకు తెలుసు."

వీటితో ఏం చేస్తానో తెలియదు. ఎప్పుడో ఒకదాంట్లో కుదురుకుంటాయి, లేదా కుదురుకోవు.

దీంతో బతకగలమా? ఉద్యోగం మానేయమంటారా?

మానేయకండి. కనీసం రాత నుంచి ఒక ఏడాది పాటు వచ్చిన డబ్బు చేతిలో చూసేదాకా మానేయకండి. పుస్తకాల రాయల్టీ (అమ్మకాల్లో రచయితకి వచ్చే వాటా) ఒక్కదానితోనే బతికేవాళ్లు ఏ దేశంలోనైనా తక్కువ. మిగతావాళ్ల ఆదాయం అతుకుల బొంత. కొంచెం రాయల్టీ, కొంచెం కాలమ్, కొంచెం అనువాదం, సినిమాకో సిరీస్‌కో మాటలు, ఎవరి పేరుతోనో రాసిచ్చే పని, పాఠాలు చెప్పడం. నెల నెలా ఒకేలా రాదు. అందుకని పెద్ద మొత్తం వచ్చిన నెలలో దాన్ని పన్నెండుతో భాగించి చూసుకునే అలవాటు ఉండాలి. పన్నుకి కట్టాల్సింది అప్పుడే పక్కకి తీసేయాలి.

ఉద్యోగం రాతకి శత్రువన్నది అతిశయోక్తి. కవి టి.ఎస్. ఎలియట్ 1917 నుంచి 1925 దాకా లండన్‌లో బ్యాంకు ఉద్యోగం చేశారు. రష్యన్ కథకుడు చెహోవ్ డాక్టరు. నెల జీతం ఉంటే నచ్చని పని వద్దనే ధైర్యం ఉంటుంది, మనుషులు ఎలా మాట్లాడతారో కూడా చెవిన పడుతుంది. అయితే ఏ ఉద్యోగమన్నది చూసుకోవాలి. రోజంతా రాతకోతలే ఉండే ఉద్యోగం చేసేవాళ్లు సాయంత్రానికి వాక్యమంటేనే మొహం తిప్పుకుంటారు. అలాంటివాళ్లు ఆఫీసుకి ముందే రాసుకోవడం మంచిది.

ఒప్పందం మీద సంతకం పెట్టేముందు ఏం చూడాలి?

ఏ హక్కులు ఇస్తున్నారు, ఎన్నాళ్లకి ఇస్తున్నారు, అవి మళ్లీ మీకెప్పుడు తిరిగొస్తాయి. ఈ మూడూ స్పష్టంగా లేకపోతే సంతకం పెట్టకండి. అచ్చు హక్కు ఇస్తే ఆడియో, అనువాదం, సినిమా హక్కులు కూడా దాని వెంట వెళ్లిపోయేలా కొన్ని కాగితాలు ఉంటాయి. రాయల్టీ పుస్తకం ధర మీదా, లేక దుకాణాల తగ్గింపు పోగా ప్రచురణకర్తకి చేరిన మొత్తం మీదా అన్నది కూడా అడగాలి. శాతం ఒకటే అయినా రెంటికీ చాలా తేడా వస్తుంది.

కాపీరైట్ కోసం ఎక్కడో నమోదు చేయించాలేమోనని కొందరు బెంగపడతారు. కాపీరైట్ మీద దేశాల మధ్య కుదిరిన 1886 నాటి బెర్న్ ఒప్పందాన్ని అంగీకరించిన దేశాల్లో రాసిన క్షణం నుంచే హక్కు ఉంటుంది, నమోదు తప్పనిసరి కాదు.

చెడ్డ ఒప్పందం ఎంత దూరం తీసుకెళ్తుందో రష్యన్ నవలాకారుడు దోస్తోయెవ్‌స్కీ సంగతి చూడండి. అప్పుల్లో ఉండి ఒక ప్రచురణకర్త కాగితం మీద సంతకం పెట్టారు. 1866 నవంబరు 1 లోపు కొత్త నవల ఇవ్వకపోతే, తొమ్మిదేళ్ల పాటు ఆయన రచనలన్నీ పైసా ఇవ్వకుండా వేసుకునే హక్కు ఆ ప్రచురణకర్తది. అక్టోబరు మొదలయ్యేసరికి ఒక్క పేజీ లేదు. అన్నా అనే యువతిని షార్ట్‌హ్యాండ్ కోసం పెట్టుకుని, 26 రోజుల్లో నవల చెప్పి రాయించి గండం గట్టెక్కారు. తర్వాతి ఏడాది వాళ్లిద్దరూ పెళ్లి చేసుకున్నారు. దీన్ని చాలామంది డెడ్‌లైన్ మహిమ కింద చెప్పుకుంటారు. నాకు మాత్రం ముందు ఆ కాగితమే కనపడుతుంది.

గడువు దగ్గరపడితేనే రాయగలను. అది తప్పా?

తప్పు కాదు గానీ చివరి రాత్రి రాసినదానికి తిరగరాసే టైమ్ ఉండదు. సంపాదకుడు చెప్పిన తేదీకి వారం ముందు మీ సొంత తేదీ ఒకటి పెట్టుకుని, దాన్ని ఇంకొకరికి చెప్పండి. మీకు మీరే చెప్పుకున్న తేదీని మీరే ఖాతరు చేయరు. ఆలస్యమవుతుందని తెలిస్తే ముందే చెప్పేయండి. సంపాదకులు ఆలస్యాన్ని భరిస్తారు, ఫోన్ ఎత్తకపోవడాన్ని భరించరు.

తిప్పి పంపితే, ఎవరైనా తిడితే ఎలా తట్టుకుంటారు?

తిప్పి పంపడానికి కారణాలు వంద. ఇలాంటిదే గత నెలలో వేసుకుని ఉండొచ్చు, చోటు లేకపోవచ్చు, కథే బాగుండకపోవచ్చు. మనకి మాత్రం మూడోదే వినపడుతుంది. ఒకటి బయటికి పంపిన రోజే ఇంకొకటి మొదలుపెట్టే అలవాటు ఇక్కడ కాపాడుతుంది. జవాబొచ్చే నాటికి మనసు వేరే కథలో ఉంటుంది, దెబ్బ సగమే తగులుతుంది.

విమర్శ విషయంలో, ఒకరు అన్నది పక్కన పెట్టొచ్చు. ఒకరికొకరు తెలియని ముగ్గురు ఒకే పేజీ దగ్గర విసుక్కుంటే ఆ పేజీలో ఏదో ఉంది. వాళ్లు చెప్పిన కారణం తప్పయినా సరే, చోటు మాత్రం సరైనదే. ఆన్‌లైన్ తిట్లకి జవాబివ్వను. రాసే చేత్తో ఒకసారి ఆ పని మొదలైతే ఆ రెండు గంటలూ అందులోనే పోతాయి.

ఇంట్లోవాళ్లకి ఇది పనిలా అనిపించదు. ఏం చేయాలి?

అనిపించకపోవడం సహజం. కిటికీలోంచి చూస్తూ కూర్చున్న మనిషి పనిలో ఉన్నాడని ఎవరు నమ్ముతారు? "ఖాళీగానే ఉన్నావుగా, కాస్త బ్యాంకుకెళ్లి రా" అంటే వాళ్ల తప్పు లేదు. నన్ను డిస్టర్బ్ చేయొద్దు అని రోజంతా గంభీరంగా తిరిగే కంటే, ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా అన్నది కచ్చితంగా చెప్పి, ఆ టైమ్ అయిపోగానే నిజంగా లేచి రావడం పనిచేస్తుంది. లేచి రావడమే ముఖ్యం. మీరు మాట నిలబెట్టుకుంటే వాళ్లూ నిలబెట్టుకుంటారు. చిన్నపిల్లలకి మాత్రం ఈ ఒప్పందాలు వర్తించవు. పాపని ఒళ్లో పెట్టుకుని ఒంటిచేత్తో టైప్ చేసినవాళ్లకి నా నమస్కారం.

కూర్చుని కూర్చుని ఒళ్లు పాడవదా?

పాడవుతుంది. ముందు మెడ, తర్వాత మణికట్టు, తర్వాత నడుం. కళ్లకి 20 నిమిషాలకోసారి 20 అడుగుల దూరంలో ఉన్నదాన్ని 20 సెకన్లు చూడమని కంటి డాక్టర్లు చెప్పే పద్ధతి తేలికైనది. మణికట్టు దగ్గర తిమ్మిరి మొదలైతే అలాగే లాగించకండి, చూపించుకోండి.

నడక మాత్రం ఒంటికే కాదు, రాతకీ పనికొస్తుంది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఒపెజో, ష్వార్ట్జ్ అనే పరిశోధకులు 2014లో ప్రచురించిన ప్రయోగాల్లో, కూర్చున్నప్పటి కంటే నడుస్తున్నప్పుడు కొత్త ఆలోచనలు ఎక్కువగా తట్టాయి. ఖాళీ గోడకి ఎదురుగా ట్రెడ్‌మిల్ మీద నడిచినవాళ్లకీ తట్టాయి. అంటే చెట్లూ చేమలూ లేకపోయినా ఫర్వాలేదు. కాకపోతే కొత్తవి తట్టడానికే ఇది. కచ్చితంగా ఒకే జవాబున్న లెక్కలకి నడక సాయపడలేదు. నా విషయంలోనూ అంతే, కథ ముడి నడుస్తుంటే విడుతుంది, ప్రూఫులు దిద్దాలంటే మాత్రం కూర్చోవాల్సిందే.

ఫైళ్లు పోతే?

మూడు చోట్ల ఉంచండి: కంప్యూటర్‌లో, విడిగా ఒక డ్రైవ్‌లో, ఆన్‌లైన్‌లో. 1835లో బ్రిటిష్ రచయిత థామస్ కార్లైల్ తన చరిత్ర గ్రంథం మొదటి సంపుటం రాతప్రతిని చదవమని స్నేహితుడు జాన్ స్టువర్ట్ మిల్‌కి ఇచ్చారు. మిల్ దగ్గర ఉండగా పనిమనిషి చిత్తు కాగితాలనుకుని తగలబెట్టేసిందని చెబుతారు. వేరే ప్రతి లేదు. కార్లైల్ కూర్చుని ఆ సంపుటం మొత్తం మళ్లీ రాశారు. మనకి అంత ఓపిక ఉందని నాకు నమ్మకం లేదు. ప్రతి చిత్తునీ తేదీ పెట్టి వేరే ఫైల్‌గా దాచండి. "ఫైనల్", "ఫైనల్ కొత్తది", "అసలైన ఫైనల్" అని పేర్లు పెట్టుకుంటే ఏది ఏదో దేవుడికి కూడా తెలియదు.

ఏఐ చేత రాయించుకుంటే తప్పేంటి?

ఆఫీసు ఉత్తరానికి, పొడుగాటి నివేదికని కుదించడానికి వాడుకోండి. కథ విషయంలో నా అభ్యంతరం నైతికం కూడా కాదు. పైన చెప్పిన తాళంచెవి గుర్తుంది కదా, "దహించివేస్తోంది" దగ్గర తృప్తిపడకుండా విసుక్కోవడం వల్లే అది దొరికింది. ఆ విసుగుని ఇంకొకరికి అప్పగిస్తే నాకు చేయడానికి పనేం మిగలదు. ప్రచురణకర్తకి ఇచ్చేటప్పుడు మాత్రం వాడింది వాడినట్టు చెప్పాలి. ఇప్పుడు చాలా ఒప్పందాల్లో ఆ మాట అడుగుతున్నారు.

నేను రాసింది చదివి అభిప్రాయం చెబుతారా?

నవల మొత్తం చదవలేను. కథయితే ఒకటి, నవలయితే మొదటి పది పేజీలు పంపండి. పేజీ నంబర్లు వేయండి. మీకు ఎక్కడ అనుమానంగా ఉందో ఒక్క వాక్యంలో రాయండి, "ఎలా ఉందో చెప్పండి" అంటే "బాగుంది" అన్న జవాబే వస్తుంది. నెల దాటినా జవాబు రాకపోతే ఇంకోసారి గుర్తుచేయండి. మొహమాటపడకండి, నేను కూడా అలా గుర్తుచేసే బతుకుతున్నాను.